తెప్పమైదానం చెవులు

పొద్దుటి నుంచి అది ఏడో ముద్ర. గడ్డి విత్తనాలకు, కొత్త బూట్లకు, గోల్‌కీపరు మోకాలి వైద్యానికి వరసగా వేలు వేసి, భూలక్ష్మి ముద్రపలక మీది ఉప్పుతేమను కొంగుతో తుడిచింది. కాకినాడ ఒడ్డుకు అర కిలోమీటరు దూరంలో, సముద్రం మీద తెప్పమైదానం మెల్లగా ఊగుతోంది. గది కిటికీలోంచి ఆటగాళ్ల సాధన కనిపిస్తోంది, వినిపిస్తోంది కూడా.

ఎనిమిదో చీటీ పలక మీదికి వచ్చింది.

"అమ్మకం: పాలెపు దానియేలు, డిఫెండరు, ముప్పై మూడేళ్లు. కొనేది: మలబారు జట్టు. ఆటలో పాత్ర: నామమాత్రం. గడువు: సాయంత్రం నాలుగు. ముద్ర వేయండి."

క్లబ్బును నడిపే యంత్రబుద్ధి తూనిక పంపే ప్రతి చీటీ ఆ చివరి రెండు మాటలతోనే ముగుస్తుంది. వేలు పలక దాకా వెళ్లి ఆగిపోయింది.

తూనిక అంటే భూలక్ష్మికి భయం లేదు, గౌరవం ఉంది. అది రాకముందు క్లబ్బులో అధ్యక్షుడి బావమరిది సెంటర్ ఫార్వర్డు, మేనల్లుడు గోల్‌కీపరు. గెలుపు సంగతి దేవుడెరుగు, జీతాలు మాత్రం ఇంటిపేరు చూసుకుని నడిచేవి. విసిగిపోయిన ఇరవై వేలమంది సభ్యులు ఎవరిని కొనాలో, ఎవరిని అమ్మాలో, దేనికెంత ఖర్చు పెట్టాలో అంతా తూనికకు అప్పగించేశారు. దాని చీటీలకు ముద్ర వేసే బొటనవేలు ఒక్కటి మాత్రం మనిషి చేతిలో ఉంచుకున్నారు; ఆ ముద్రకర్త భూలక్ష్మి. పన్నెండేళ్లలో అది అట్టడుగున ఉన్న జట్టును మొదటి మూడింట్లో నిలబెట్టింది. ఎవరూ తొంగిచూడని కొండబడిలో ఆడుకుంటున్న పిల్లను పట్టి తెచ్చి దేశానికి ఆడించింది. లంచం ఎరగదు, అలక ఎరగదు. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన బుద్ధి అది.

కాబట్టే ఇన్నేళ్లలో ఆ వేలు ఒక్క చీటీనీ కాదనలేదు. తాతాచారి ముద్ర భుజం తప్పినా వీపు తప్పదన్నట్టు, తూనిక అన్నదానికి భూలక్ష్మి ముద్ర పడక తప్పదని సభ్యులు ఆమెను ఆటపట్టించేవారు. కాదనే హక్కు లేకపోలేదు. కానీ కాదంటే విషయం ఆదివారం సభ్యుల ఓటుకు వెళుతుంది. వాళ్లు తూనిక వైపు నిలిస్తే ముద్రకర్త పీట దిగిపోవాలి, మళ్లీ ఎక్కడానికి లేదు. గోలుపోస్టులకు వలలు అల్లుకునే తనలాంటి మనిషిని ఇరవై వేలమంది ఓటేసి ఎక్కించిన పీట అది. ఆ పీటంటే ఆమెకు ప్రాణం.

"కుడికి! ఇంకా కుడికి... నువ్వు నిలబడు. నిలబడమన్నానా? వదిలెయ్, నేను సూసుకుంటా!"

దానియేలు గొంతు గాలిని చీల్చుకుని గదిలోకి వచ్చింది. వాళ్ల తాత పెద్దవల లాగేటప్పుడు ఒడ్డున నిలబడి అరిచేవాడట. తాళ్లు పట్టిన నలభైమందీ ఆ అరుపుకే అడుగు వేసేవారట. దానియేలు కూడా అంతే, వెనక నిలబడి పదిమందినీ నడిపిస్తాడు. తొమ్మిదేళ్లలో జ్వరమొచ్చి రెండు మ్యాచులు ఆడలేదు. ఆ రెండింట్లోనూ జట్టు ఐదేసి గోల్సు తిన్నది. ఆ తప్పును తూనిక సముద్రపు గాలి మీదికి తోసి, ఉత్తరపు గోడ మరో మూడడుగులు లేపించింది. గోడకు కూడా భూలక్ష్మే ముద్ర వేసింది.

ఫోన్ మోగింది. అవతల క్లబ్బు అధ్యక్షుడు త్రిమూర్తులు. ఇప్పుడు ఆయన పని కప్పులు అందుకోవడం, దండలు వేయించుకోవడం.

"ఏంటమ్మా భూలక్ష్మీ, ఇంకా వేలు పడలేదంట? మలబారోళ్లు ఊపిరాడనివ్వట్లేదు."

"దానియేలుని అమ్మేత్తే ఎనకాల ఎవరుంటారండి?"

"తూనిక సూసుకుంటాది. మ్యాచికి మూడుసార్లు బంతి తన్నడంటమ్మా ఆడు!"

"తన్నాల్సిన అవసరం రానివ్వడండి. అరిచి ముందే అందర్నీ సర్దేత్తాడు. ఆ అరుపు దానికి ఇనపడదు కదండి. చెవులు మూసింది మనవే కదా."

ఆ కథ త్రిమూర్తులుకు బాగా తెలుసు. మొదట్లో తూనికకు మైదానం చుట్టూ మైకుల చెవులుండేవి. తూనిక మహా నిజాయితీగా ప్రతి వారం నివేదికలో ఏ గ్యాలరీ నుంచి ఎన్ని బూతులు వచ్చాయో, ఎవరి నోటి నుంచి వచ్చాయో కూడా అచ్చువేసేది. ఒక వారం తూర్పు గ్యాలరీలో కూర్చున్న త్రిమూర్తులుకే బూతుల్లో ప్రథమ స్థానం దక్కింది. ఆ నివేదిక ఆయన వియ్యంకుడింటికీ వెళ్లింది. మర్నాడే సభ పెట్టి, ఏకగ్రీవంగా చెవులకు తాళం వేశారు. తాళం తీయడానికి కూడా ముద్రకర్త వేలే కావాలి.

"ఇప్పుడా సంగతెందుకే తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి.

"చీటీ కాదని, ఆ తాళం తీసేత్తానండి."

"నీ పీట పోద్దే! ఆదివారం జనమంతా దాని పక్కే ఉంటారు."

"ఆయ్. తెలుసండి."

ఫోన్ పెట్టేసింది. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు. అయినా ముద్రపలక ఎడమవైపు, ఇన్నేళ్లూ ఎవరూ ముట్టని గడి మీద వేలు గట్టిగా నొక్కింది. పలక ఎర్రబడింది.

"తిరస్కరణ నమోదైంది. కారణం అంకెల్లో తెలపండి."

"అంకెల్లో లేదు. విను," అని పైకే అంటూ చెవితాళం మీద వేలు వేసింది.

రెప్పపాటులో జవాబిచ్చే తూనిక నుంచి ఉలుకూ పలుకూ లేదు. కింద సాధన నడుస్తూనే ఉంది. దానియేలు ఒకణ్ణి తిట్టాడు, ఒకణ్ణి బుజ్జగించాడు, ఇద్దర్ని వెనక్కి పిలిచాడు. ఎదురుజట్టుగా ఆడుతున్నవాళ్లకు దారి దొరక్క బంతి పక్కకు పోయింది. అతను దాన్ని కాలితో తాకనైనా లేదు. నాలుగు నిమిషాలు గడిచాయి.

అప్పుడు చీటీ వచ్చింది.

"దానియేలు పాత్ర: తప్పుగా లెక్కించాను. ఉత్తరపు గోడ: అనవసరం. చెవులు మూసిన నాటి నుంచి అమ్మిన ఆటగాళ్లు నలభై ఒక్కరు. వారిలో ఎంతమంది విషయంలో పొరబడ్డానో నా దగ్గర ఆధారం లేదు."

కింద నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరు పక్కనా ఆమె వేలిముద్ర. భూలక్ష్మికి కళ్లు చెమర్చాయి. తప్పు ఒప్పుకోవడానికి మనుషులకు ఏళ్లు పడుతుంది. దీనికి నాలుగు నిమిషాలే పట్టింది.

అలవాటు కొద్దీ వేలు పలక మీదికి తీసుకువెళ్లింది. కానీ చీటీ చివర 'ముద్ర వేయండి' అనే ఆ రెండు మాటలు లేవు. వాటి చోట తూనిక పన్నెండేళ్లలో ఎవరినీ అడగని మాట ఉంది.

"మీరేమంటారు?"