కోడలిది ఏ ఊరు?

పొద్దున్నే వంటపాకలో ఉగోయె బొబ్బర వడలు వేయిస్తోంది. వాకిట్లో పీట మీద కూర్చున్న అత్తగారు ఎకెమ్మ ఒక వడ తుంచి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఉప్పేదే? ఇన్నేళ్ళయినా నీకు ఉప్పు వేయడం చేతకాలేదు. ఇక అసెంబ్లీకి వెళ్ళి ఏం ఉద్ధరిస్తావో!"

ఉగోయె ఇంకో వడ నూనెలో వేసింది. ఈ సాధింపులు ఆమెకు ఎప్పుడో అలవాటైపోయాయి. ఇవాళ ధ్యాసంతా రాబోయే వంశం పెద్దల మీదే ఉంది. వాళ్ళ నియోజకవర్గంలో అసెంబ్లీ సీటు ఊళ్ళ మధ్య వంతులవారీగా తిరుగుతుంది. ఎన్నాళ్ళకో ఈసారి తమ ఊరు ఎజియామకు వంతు వచ్చింది. పెద్దలు ఎవరి పేరు చెబితే పార్టీ టికెట్ వాళ్ళకే. వాగు మీద వంతెన కూలిపోయి, నొప్పులు పడుతున్న ఆడదాన్ని కూడా పడవలో దాటించాల్సి వస్తుంటే, సంత ఆడవాళ్ళందరినీ పోగేసుకుని రాజధానిలో ధర్నా చేసింది ఉగోయె. అప్పుడు జాడైనా లేని మరిది అనాయో, వంతు రాగానే టికెట్ కోసం నగరం నుంచి కారేసుకుని దిగాడు.

పెద్దలు వచ్చి కూర్చున్నారు. ఉగోయె భర్త ఒక్వుదిలి అతిథి మర్యాదగా పళ్ళెంలో కోలా గింజలు పెట్టి అందించాడు. అందరిలోకీ పెద్దవాడైన ఇహెజి పళ్ళెం అందుకున్నాడు గాని, గింజ పగలగొట్టి పంచకుండానే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు మంచిదానివే, కాదనం. కానీ ఈ వంతు ఎజియామది. నువ్వు ఈ ఇంటి కోడలివే గాని, ఈ ఊరి ఆడపడుచువి కాదు. మీ పుట్టింటి వంతు వచ్చినప్పుడు అడుగు."

"పోయినసారి మా పుట్టింటి వంతే తాతా. అడిగాను. పెళ్ళయి పోయినదానివి, మీ అత్తారి ఊళ్ళో అడుక్కోమన్నారు. వాళ్ళు ఇటు తరిమితే మీరు అటు తరుముతున్నారు. నేనేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డానా? ఓట్లప్పుడు మాత్రం ఈ ఊరిదాన్నే కదూ!"

అనాయో నవ్వాడు. "ఆవేశపడకు వదినా. నువ్వు పై ఊరి మనిషివి. ఎన్నేళ్ళున్నా అంతే. ఏమంటావ్ అన్నయ్యా?"

ఒక్వుదిలి తల ఎత్తలేదు. ఆ మౌనమే ఉగోయెకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పుకోను," అంది. "అందరూ కలిసి నా కాళ్ళు పట్టుకున్నా సరే, తప్పుకోను!"

అంతలో, అంతా లోపల్నుంచే విన్న ఎకెమ్మ బయటికి వచ్చింది. నెత్తిన రేకుపెట్టె, చేతిలో చెప్పులు.

"ఎక్కడికమ్మా?" అనాయో తెల్లబోయాడు.

"ఒగ్బోలికి. నేను పుట్టింది అక్కడే కదా! మీ నాన్న సమాధి పక్కన, నారింజ చెట్టు కింద నాకని చోటు ఉంచారే, అక్కడ పెండలం నాటుకోండి. పై ఊరి మనిషిని నీ వాకిట్లో పాతుకుంటావేం? నేను చస్తే మా అన్నల పిల్లలే చూసుకుంటారు."

పెద్దల మొహాల్లో నెత్తురు చుక్క లేదు. తల్లిని సొంత వాకిట్లో పూడ్చుకోలేకపోయిన కొడుకు ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అలాంటివాడు ఇంకొకరి గడపలో నిలబడి ఓటడగడమా!

అనాయో పరుగున వెళ్ళి గేటుకు అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, నలుగురిలో నా పరువు తీయకే!"

"నీ పరువు సరే, నా కోడలి పరువో? వంతెన కోసం అది ఎండలో కూర్చున్ననాడు పై ఊరిదని గుర్తు రాలేదేం? నేనూ పరాయిదాన్నే అయితే, నా కడుపున పుట్టిన నువ్వు ఏ ఊరివాడివిరా?"

అతని కళ్ళు చెమర్చాయి. తల్లి నెత్తి మీది పెట్టె తనే దించి, ఇహెజి వైపు తిరిగాడు. "వదిన పేరే చెప్పండి తాతా."

ఒక్వుదిలి లేచి భార్య పక్కన నిలబడ్డాడు. "నేను ముందే అనాల్సిన మాట ఇది. సిగ్గుగా ఉంది ఉగోయె," అన్నాడు.

ఇహెజి కోలా గింజ పగలగొట్టి, ఎన్నడూ లేనిది, మగవాళ్ళకన్నా ముందు మొదటి ముక్క ఉగోయెకు పంపాడు. అది గుప్పిట్లో పట్టుకుని ఆమె అత్తగారి భుజం మీద వాలి బావురుమంది. ఇన్నేళ్ళూ ఈవిడకు తానంటే గిట్టదనే అనుకుంది.

"చాల్లే, ఏడుపాపు," అంటూ ఎకెమ్మ కొంగుతో కోడలి మొహం తుడిచింది. "గెలిచాక వంతెన కట్టించావా సరేసరి. లేదంటే ఇదే పెట్టె నెత్తిన పెట్టుకొచ్చి నీ అసెంబ్లీ గుమ్మంలో కూర్చుంటా!"