తాబేలుగారికి ఉత్తరాలు

జెస్సీ వాళ్ల మామ్మ సూరమ్మగారితో వేగడం కష్టం. ఏలూరు నుంచి కొత్త చీర తెచ్చిపెట్టినా ఆవిడ ముందు చూసేది కవరునే. దాన్ని కడిగి, ఆరేసి, మడతపెట్టి పరుపు కింద దాస్తుంది. ఆ పరుపు మీద పక్కకి తిరిగితే చాలు, కరకరమంటుంది.

ఆ మధ్యాహ్నం పరుపు అంత గట్టిగా కరకరమనలేదు. మామ్మ పట్టేసింది.

“ఒరే ఎలీషా! నా గులాబీరంగు చీర కవరు ఏదిరా? చేపల చెరువుకి పట్టుకుపోయావా?”

“నాకెందుకమ్మా నీ కవర్లు?” అన్నాడు నాన్న, ముద్ద చేతిలోనే ఆపి.

జెస్సీ కంచంలోంచి తల ఎత్తలేదు.

సముద్రం ఒడ్డున ఉండే నిత్యానందం మామయ్య కిందటేడు ఓ తాబేలు గురించి చెప్పాడు. అది ఇసకలో గుడ్లు పెడుతుంటే కళ్లలోంచి నీళ్లు కారతాయట. అప్పట్నుంచి దాన్ని ఒక్కసారి చూడాలని జెస్సీకి బెంగ. ఈసారి అది వస్తే చూపించడానికి తీసుకెళ్తానని మామయ్య మాటిచ్చాడు.

ఊరి కాలవ నీళ్లు కొల్లేట్లో కలిసి, ఉప్పుటేరు గుండా సముద్రానికే పోతాయని టీచరుగారు చెప్పారు. ఇంకేం! ‘తాబేలుగారూ, తొందరగా రండి’ అని రాసి, కవరులో పెట్టి, గాలి ఊది, ముడేసి కాలవలో వదిలేది. వారానికో ఉత్తరం.

సాయంత్రం మామయ్య వచ్చాడు. జెస్సీ అప్పటికే చెప్పులు వేసేసుకుంది.

“తాబేలు వచ్చిందా మామయ్యా?”

మామయ్య అరుగు మీద కూర్చున్నాడు.

“వచ్చిందమ్మా. ప్రాణంతో రాలేదు. నోట్లో కవరు ముక్క ఉంది. నీళ్లలో తేలే కవరు దానికి జెల్లీఫిష్‌లా కనిపిస్తుంది. తిండే అనుకుని మింగేస్తుంది.”

“ఏ రంగు కవరు?”

“వెలిసిపోయిందే. తెలీలేదు.”

జెస్సీ కాలవ తూము దగ్గరికి పరుగెత్తింది. గుర్రపుడెక్కలో బోలెడు కవర్లు చిక్కుకుని ఉన్నాయి. కర్రతో అన్నీ లాగింది. తన ఉత్తరాలు మూడే దొరికాయి. గులాబీరంగుది లేదు. నీళ్లు మెల్లగా సముద్రం వైపు పోతూనే ఉన్నాయి. జెస్సీ చాలాసేపు అటే చూస్తూ నిలబడింది.

ఇంట్లో మామ్మ ఇంకా కొడుకుని వదల్లేదు. “నువ్వు కాకపోతే, ఎలకలు ఆ కవరు కట్టుకుని పెళ్లికెళ్లాయా?”

జెస్సీ తూము దగ్గర్నుంచి తెచ్చిన కవర్లన్నీ బకెట్లో వేసి, ఒక్కొక్కటీ కడిగి దండెం మీద ఆరేయడం మొదలుపెట్టింది.

“ఇవెక్కడివే?” అంది మామ్మ, దగ్గరికొచ్చి.

“నాన్నని తిట్టకు మామ్మా. నీ కవర్లు తీసింది నేనే. తాబేలు రావాలని కాలవలో వదిలాను. అది ఓ కవరు మింగి చచ్చిపోయింది. తప్పు నాదే.”