తాడుకు అవతలి కొస

“ఆ తెప్ప నాది. ఇడువుండ్రి.”

“మీరు కొనలే మేడమ్, ఊకె చూసిన్రు. చేతిల పట్టుకున్నది నేను.”

గోదారి ఒడ్డున బెస్తవాడలో, పోశవ్వ ఇంటి అరుగు మీద, జానెడు చెక్క తెప్పను చెరోవైపు పట్టుకుని ఇద్దరు వాదులాడుకుంటున్నారు.

ఆమె ఫెబా, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడి టీచరు. వేరే రాష్ట్రం నుంచి ట్రైనింగుకు వచ్చే టీచర్లకు మన ప్రాంతపు గుర్తుగా ఏమైనా ఇవ్వాలన్నారు బడిలో. బొగ్గు పెళ్లలు రంగు కాగితంలో చుట్టి ఇవ్వలేరు కదా! అందుకే చేపలు పట్టేవాళ్ల ఈ వాడకు వచ్చింది. పోశవ్వ వలదారంతో ముచ్చటైన సంచులు అల్లుతుంది. ఆమె పెనిమిటి బిక్షం తీరిక దొరికితే బొమ్మ తెప్పలు చెక్కుతాడు. ఆ రోజు మిగిలింది ఆ ఒక్కటే.

“నా దోస్తుకు శ్రీరాంపూర్ ట్రాన్స్‌ఫర్ అయింది. గుర్తుగ ఇయ్యాలె,” అన్నాడతను.

“శ్రీరాంపూర్ ఏమన్న సముద్రం అవతల ఉన్నదా? బస్సెక్కితే మీ దోస్తు ఈడ్నే ఉంటడు.”

అతను నవ్వాడు. ఆ నవ్వుకే ఫెబా అతని కళ్ల వైపు చూసింది. రెప్పల అంచున కాటుక దిద్దినట్టు సన్నని నల్లటి గీత. ఎంత సబ్బు రుద్దినా పోని గీత. ఫెబా వాళ్ల నాన్న కళ్లకూ చాలా ఏళ్లు ఉండేది.

“మీరు గనిల పనిచేస్తరా?”

“అండర్‌గ్రౌండ్ ఓవర్‌మన్‌ని, లోపట పని చూసుకునేటోన్ని. నా పేరు రుత్విక్. ఎట్ల గుర్తుపట్టిన్రు?”

ఫెబా తెప్పను వదిలేసింది. “మీరే తీసుకోండ్రి,” అని సంచులు పట్టుకుని వెళ్లిపోయింది.

గెలిచిన రుత్విక్‌కే ఏమీ అర్థం కాలేదు.

ఫెబా పదో తరగతిలో ఉండగా గని పైకప్పు కూలి తండ్రి నతానియేలు లోపల ఇరుక్కుపోయాడు. గేటు ముందు తల్లి సుగుణమణి కొంగు పట్టుకుని నిలబడింది ఫెబా. లిఫ్టు పైకి వచ్చిన ప్రతిసారీ ఎవరో దిగేవాళ్లు. నాన్న కాదు. మళ్లీ ఎవరో. మళ్లీ నాన్న కాదు. చివరికి ఆయన బతికే వచ్చాడు, కాలు మాత్రం కుంటిదైంది. ఎదురుచూడాల్సిన మనిషిని జీవితంలోకి రానివ్వకూడదని ఫెబా ఆ రోజే అనుకుంది.

కానీ ఇంకా కావలసిన సంచులు ఆదివారాల్లో తీసుకోవాలి. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆమె వాడకు వచ్చేసరికి రుత్విక్ కూడా చేపలు కొనే వంకతో అక్కడే ఉండేవాడు.

“నీకు వండుకోనీకె వస్తదా?” అడిగింది ఒకసారి. అప్పటికి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

“అన్నమే రాదు.”

“మరి ఇన్ని చేపలు?”

“క్వార్టర్ కాడ వాచ్‌మన్‌కు ఇస్త. పాపం, ఆయన గూడ ఇగ చాలు సార్ అంటున్నడు.”

ఫెబా నవ్వు ఆపుకోలేకపోయింది. అదే అదునుగా, పెళ్లి చేసుకుంటావా అని అతను అడిగేశాడు.

నవ్వు చప్పున ఆరిపోయింది. “నువ్వు నచ్చక కాదు రుత్విక్. నీ డ్యూటీ అంటే భయం. మా నాయిన కోసం గేటు కాడ నిలబడ్డ. ఇంకొకరి కోసం నిలబడుడు నాతోని కాదు.”

“ఇప్పుడు గనుల సేఫ్టీ మస్తు పెరిగింది.”

“నా భయానికి ఆ ముచ్చట సమజ్ కాదు.”

అతను చేపల సంచి భుజానికి తగిలించుకున్నాడు. “సరే. మళ్ల అడుగ. చేపలన్న కొనుక్కోవచ్చునా?”

ఆఖరి సంచులు తీసుకోవాల్సిన ఆదివారం పొద్దుటి నుంచీ ముసురు. ఫెబా వచ్చేసరికి పోశవ్వ అరుగు మీద లేదు. ఒడ్డున నిలబడి కేకలేస్తోంది.

“ఓ బిక్షం! రా ఇవతలికి! నీళ్లొస్తున్నయ్!”

ఎగువన గేట్లు ఎత్తారని మైకు ఆటో చాటుకుంటూ పోయింది. వాడలోని తెప్పలన్నీ అప్పటికే దూరపు రేవుకు చేర్చారు, మగవాళ్లంతా అక్కడే ఉన్నారు. బిక్షం ఒక్కడే పాయ అవతల ఇసుక దిబ్బ మీద వల తీస్తున్నాడు. గాలికి కేక అందడం లేదు. పొద్దున మోకాలి లోతు ఉన్న పాయ ఎర్రగా ఉబ్బుతోంది.

రుత్విక్ అప్పటికే చెప్పులు విడిచాడు. తెప్పలు కట్టే తాడు నడుముకు బిగించుకుని, రెండో కొసను ఒడ్డున ఉన్న గుంజకు ఒక చుట్టు చుట్టి ఫెబా చేతికిచ్చాడు.

“నేను గుంజితే మీరిద్దరు గుంజుండ్రి.”

“వద్దు,” అంది ఫెబా. అతను వినలేదో, విన్నా ఆగలేదో, నీళ్లలోకి దిగిపోయాడు.

నడుము దాకా. ఛాతీ దాకా. తర్వాత వాన ఒక్కసారి దంచేసరికి ఏమీ కనబడలేదు. చేతిలో తాడు మాత్రం కదులుతోంది. అది కదులుతున్నంతసేపూ ఫెబా ఊపిరి తీసుకుంది.

తాడు ఆగిపోయింది. వదులైంది.

“పోశవ్వా, తాడు బరువు లేదు!”

“ఏసయ్యనో గంగమ్మనో, ఎవరినన్న మొక్కు బిడ్డా. తాడు మాత్రం ఇడువకు!”

ఉన్నట్టుండి గట్టి గుంజు. ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. అరచేతులు మండాయి. నీళ్లలోంచి ఒక తల లేచింది. తెల్లజుట్టు.

బిక్షం. తాడు అతని నడుముకు ఉంది.

“ఆయన ఏడి?” ఫెబా అరిచింది.

“వెనుకనే… కాలు పట్టుకపోయి నేను నడువలేకపోతే నాకు కట్టిండు…” బిక్షం దగ్గుతూ తాడు విప్పాడు. “ఇసురు, బిడ్డా, జల్ది ఇసురు!”

నీళ్లంటే మామూలుగా రెండు గజాల దూరంలో నిలబడే ఫెబా నడుము లోతుకు దిగింది. గొంతు చినిగేలా పిలుస్తూ తాడు విసిరింది. అతనికి అందలేదు. లాక్కుని మళ్లీ విసిరింది. మళ్లీ. గేటు ముందు నిలబడ్డప్పటి వణుకే ఒంటినిండా. మూడోసారో నాలుగోసారో తాడుకు బరువు తగిలింది.

ఒడ్డున పడి నీళ్లు కక్కుతున్న రుత్విక్ ఛాతీ మీద రెండు పిడికిళ్లతో కొట్టింది.

“ఎవరు ఇప్పమన్నరు? నిన్ను ఎవరు తాడు ఇప్పమన్నరు?”

“ఫెబా… ఊపిరాడనియ్యి…”

“నేను వద్దన్న కదా! నీ కోసం ఎదురుచూడనని చెప్పిన కదా! మరి ఇదేంది? నాతోని ఇట్ల ఎందుకు చేయించినవ్?”

అంటూనే అతని తలను గుండెకు హత్తుకుని ఏడ్చింది. పోశవ్వ బిక్షాన్ని లేవదీసుకుని అటు తిరిగి నడిచింది.

తడిసిన బట్టలతోనే ఇంటికి వెళ్లి తండ్రి ముందు నిలబడింది ఫెబా. అంతా చెప్పింది. నతానియేలు ఆమె తడి బట్టల వైపు చూశాడు.

“మన సంఘపోళ్లు కాదు.”

“కాదు నాయినా.”

“పైగ గనిల పని. నా లెక్కనే. నీ భయం పోయిందా మరి?”

“పోలే. పోదు గూడ. వద్దని చెప్పినా ఇయ్యాల నాకు ఆ భయం తప్పలే నాయినా. భయం ఎట్లయినా ఉండేదే అయినప్పుడు, మనిషిని ఎందుకు పోగొట్టుకోవాలె?”

నతానియేలు కుంటికాలు సర్దుకుని భార్య వైపు చూశాడు. సుగుణమణి కళ్లు తుడుచుకుంటోంది. ఆ గేటు ముందు ఆమె కూడా నిలబడింది.

“వచ్చే ఆదివారం ప్రార్థన అయినంక రమ్మను,” అన్నాడాయన. “వాళ్ల అమ్మానాయిన్లను గూడ తోలుకరమ్మను. మాట్లాడుకుందాం.”

మర్నాడు రుత్విక్‌ది ఫస్ట్ షిఫ్టు. గని లోపలికి ఫోను తీసుకుపోరు. షిఫ్టు అయిపోయే వేళ దాటింది. బడి విడిచారు. స్టాఫ్ రూంలో ఫెబా ఒక్కతే ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

ఫోను మోగింది.

“ఫెబా, పైకొచ్చిన.”

“ఇంత లేటా?”

“లిఫ్టు కాడ లైను ఉండె. ఏందీ, ఇగ రోజు గిట్లనే తిడ్తవా?”

ఫెబా కళ్లు మూసుకుని, పట్టి ఉంచిన ఊపిరి వదిలింది.

“రోజూ,” అంది.