పాతర పలికింది

ఆళ్లగడ్డలో మధ్యాహ్నం మూడింటికి భూమి అదిరితే ఎవరూ లేచి పరుగెత్తరు. క్వారీలో తూటా పేల్చారనుకుని అటు తిరిగి పడుకుంటారు. మాధవయ్య కూడా అదే చేశాడు. మంచం ఊగింది, దండెం మీది పంచె జారి పడింది, వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఈరోజు మందు ఎక్కువ కూరినట్టున్నారు అనుకున్నాడు. భూకంపాలంటే టీవీలో వచ్చేవి, ఎక్కడో వేరే దేశాల్లో జరిగేవి. మన నేలకు అంత ఓపిక లేదని ఆయన నమ్మకం.

కానీ తూటా ఒక్కసారి పేలి ఊరుకుంటుంది. ఇది ఊరుకోలేదు. గోడ మీది బల్లి టప్పున రాలింది. పెరట్లో బండ విరిగినట్టు పెద్ద చప్పుడైంది. ఆ తర్వాత వీధిలో కుక్క కూడా మొరగలేదు.

ఆయన లేచాడు. ఈ మధ్య లేవడమే పెద్ద పని. నలభై ఏళ్లుగా సరైన నిద్ర లేని మనిషి, అలసట ఎముకల్లోకి దిగిపోయింది. కొడుకు మహేష్ పొద్దున్నే మిరపకాయల లోడుతో నంద్యాల పోయాడు. ఇంట్లో ఉన్నది తానూ, కోడలు హిమజ. ఇందాక ఆ పిల్ల పెరట్లో పాతర మూత మీద కూర్చుని ఎండిన వడియాలు తీస్తోంది.

పాతరంటే జొన్నలు దాచే గుంత. ఇద్దరు మనుషుల లోతు, పైన నాపబండ మూత. మాధవయ్య దాన్ని నలభై ఏళ్లుగా తెరవలేదు.

ఇప్పుడు ఆ బండ రెండు ముక్కలైంది. ఒక ముక్క లోపల పడింది. అంచున హిమజ చెప్పు ఒకటి మిగిలింది. గుంతలోంచి ముక్కిన జొన్నల కంపు కొడుతోంది.

"హిమజా" అన్నాడు. గుంత మీదికి వంగాడు. పాత అలవాటు కొద్దీ మళ్లీ అడిగాడు. "ఉండావా?"

"ఉండా."

హిమజ గొంతే. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది.

పాతర పద్ధతి అది. మూసిన గుంతలో చెడుగాలి ఉంటుంది. ముందు దీపం దించాలి. ఆరకపోతేనే మనిషి నడుముకు తాడు కట్టుకుని దిగాలి. పైనున్నవాళ్లు "ఉండావా?" అని అడుగుతూ ఉండాలి, కిందివాళ్లు "ఉండా" అంటూ ఉండాలి. మాట ఆగితే లాగేయాలి. నలభై ఏళ్ల కింద ఒకరోజు కూలీ రాలేదు. మాధవయ్య తొందరపడి, దీపం దించకుండానే, భార్య రత్నమ్మకు జొన్నలు తోడే గంపిచ్చి దించాడు. గంటసేపు అడిగాడు. అడిగినప్పుడల్లా "ఉండా" అని వచ్చింది. గంప మాత్రం నిండలేదు. విసుక్కుంటూ లాగితే శవం వచ్చింది. దిగిన నిమిషంలోనే పోయిందన్నాడు డాక్టరు. మరి గంటసేపు పలికిందెవరో, ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఈసారి మాటను నమ్మదలుచుకోలేదు. కొట్టంలోని తాడు తెచ్చి లోపలికి వదిలాడు.

"నడుముకు కట్టుకోమ్మా. మాట్లాడొద్దు, గాలి పీల్చొద్దు."

"ఉండా."

"మాట్లాడొద్దంటినే..."

తాడు బిగిసింది. బరువు తగిలింది. లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. ఒక మూర... ఇంకో మూర...

"మామా, ఏం చేస్తాండారు?"

వెనకనుంచి. హిమజ. ఒక కాలికే చెప్పుంది.

"భూకంపమంట మామా, పక్కింటి విజయమ్మ ఫోన్లో చూపించె. అదురుతానే బజార్లోకి ఉరికితిని. మామా ఉండారా అని కిటికీ కాడ అడిగితి కదా. ఉండా అంటిరి. సరేలే, బాగుండారనుకొంటి."

మాధవయ్య ఆ మాట అనలేదు. ఆమె అడగడం కూడా ఆయనకు వినిపించలేదు.

తాడు ఇంకా బరువుగానే ఉంది.

"మామా..." హిమజ గొంతు తగ్గించింది. "కింద ఎవరుండారు?"

వదిలేయొచ్చు. కానీ రత్నమ్మ అయితే? ఆ రోజు వెంటనే లాగి ఉంటే బతికేదేమో. రత్నమ్మ కాకపోతే... ఇంక ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. ఏడుపొచ్చింది. చేతులు మాత్రం తాడు వదల్లేదు.

"ఉండావా?" అని గుంత అడిగింది.

ఈసారి రత్నమ్మ గొంతు. నలభై ఏళ్లుగా ఆ గొంతు కోసమే నిద్ర కాచాడు. జవాబు నాలుక చివరికి వచ్చింది.

హిమజ రెండు చేతులతో ఆయన నోరు గట్టిగా మూసింది.

"ఉండా" అంది, గుంతలోంచి, మాధవయ్య గొంతు.