కిరణానికి అడ్డొచ్చిన రెక్కలు

ఇంజినీరు కొండ మీది నల్లబోర్డుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు, ఒళ్లో స్క్రూడ్రైవరు, తల కాస్త పక్కకు వాలి ఉంది. పని చేసి చేసి కునుకు తీస్తున్నాడేమో అనుకుని వాచ్‌మన్ పిలిచాడు. పలకకపోతే భుజం పట్టి కదిపాడు. మనిషి మారుమాట లేకుండా పక్కకు ఒరిగిపోయాడు.

ఆసుపత్రి డాక్టరు గుండెపోటని తేల్చేశాడు. రహస్య విభాగం డాక్టరు మాత్రం శవాన్ని బోర్లా తిప్పి, మెడ వెనక, జుట్టు మొదట్లో సూది గుచ్చిన గుర్తు చూపించాడు. అది దోమ కుట్టిన దద్దురంత కూడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఏజెంట్ తూనీగ ఒక కళ్లజోళ్ల షాపులో అడుగుపెట్టాడు. ఒకచోట కుదురుగా కూర్చోలేడని ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. అసలు పేరు జీతం పంచే గుమాస్తాకైనా గుర్తుందో లేదో.

"దగ్గరివి కనబడటం లేదు," అన్నాడు.

"దూరపువి చూసి ఏం ఉద్ధరించారు?" అన్నాడు కౌంటరు వెనక మనిషి, విసుగ్గా.

కోడ్ సరిపోయింది. అద్దాల బీరువా పక్కకు జరిగింది. వెనక గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. విభాగంలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ క్లుప్తంగానే ఉంటుంది. లోయకు ఇటువైపు కొండ మీద కీటకాల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి నుంచి కంటికి కనబడని లేజర్ కిరణం లోయ మీదుగా సాగి, అవతలి కొండ మీది నల్లబోర్డుకు తగిలి ఆగిపోతుంది. దారిలో ఏ పురుగు అడ్డొచ్చినా దాని ఒంటి మీంచి రవ్వంత వెలుగు వెనక్కి చిమ్ముతుంది. ఆ వెలుగు మినుకుమనే తీరును బట్టి రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో, అది తేనెటీగో చిమ్మటో దోమో, ఎంత దూరంలో ఎగురుతోందో కంప్యూటరు చెప్పేస్తుంది. ఒక్క పురుగునూ పట్టకుండా, చంపకుండా, లోయలో ఏ జాతి పెరుగుతోందో ఏది తరిగిపోతోందో తెలుసుకోవడానికి పెట్టిన యంత్రమది.

ఇక అసలు సంగతి. 'గొడుగు' అనే విదేశీ ముఠా ఆ లోయలో జ్వరం దోమల్ని వదలబోతోంది. ఆ జ్వరానికి మందు వాళ్ల దగ్గర మాత్రమే ఉంది. ఊరు సగం ఖాళీ అయ్యాక అమ్మకానికి తెస్తారు. ఇన్నాళ్లూ జబ్బు లేని దోమల్ని వదిలి గాలివాటం చూసుకున్నారు. జబ్బు దోమల్ని ఈ రోజే, పొద్దు వాలి గాలి ఆగగానే వదులుతారు. వైర్‌లెస్‌లో దొరికిన మెసేజ్‌లో ఎక్కడ నుంచి అన్నది లేదు.

"ఇన్నాళ్లూ వదిలితే లేజర్‌కు కనబడాలి కదా?" అన్నాడు తూనీగ.

"కనబడలేదు. లోపలివాళ్లే దాని కళ్లకు గంతలు కట్టారు."

పెద్దాయన ఒక ఫోటో బల్ల మీదకు తోశాడు. తూనీగ చూసి, చేతిలోకి తీసుకోకుండా ఊరుకున్నాడు.

"ఈవిడ నా చెల్లెలు."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచాను."

కేంద్రానికి ఆ చెల్లెలే ఇన్‌ఛార్జి. ఆ కేంద్రానికి సలహాలిచ్చే కన్సల్టెంట్ ఒకావిడ ఉంది. ముఠా ఆవిడ తమ మనిషే అనుకుంటోంది గానీ, నిజానికి ఆవిడ విభాగం మనిషి, కోడ్ పేరు పట్టుపురుగు. ఆవిడ పంపిన రిపోర్టు ప్రకారం, లేజర్‌కు దోమలు కనబడకుండా చేసే ఫిల్టర్ చెల్లెలి లాగిన్‌లోంచే పెట్టారు. పొద్దు వాలేలోగా ఆ పని ఆమెది కాదని తూనీగ రుజువు చేస్తే సరే. లేకపోతే కొండ కింద వంతెన దగ్గర కాచుకున్న మనుషులు పైకొచ్చి ఆమెను తీసుకెళ్తారు. ఎక్కడికో తూనీగకు తెలుసు. ఆ గదికి తనే చాలామందిని తీసుకెళ్లాడు. తిరిగొచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

చెల్లెలు తప్పు చేసిందంటే ఎవరైనా ఛీ, మా ఇంటి పిల్ల అలాంటిది కాదు అంటారు. తూనీగకు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పాతికేళ్లు అబద్ధాల మధ్య బతికినవాడికి ఎవరినీ పూర్తిగా నమ్మడం చేతకాదు. అది తలచుకుంటే అతనికే సిగ్గేసింది.

మధ్యాహ్నానికి కేంద్రం మెట్లెక్కుతున్నది తూనీగ కాదు. పొట్ట ముందుకొచ్చిన, దగ్గుతో బాధపడుతున్న లెన్సుల మెకానిక్కు. గుబురు మీసం, చేతిలో పనిముట్ల పెట్టె, చొక్కా గుండీలో రేడియో. షాపులో ఇచ్చిన కళ్లజోడులోంచి చూస్తే లేజర్ కిరణం ఎర్రని దారంలా లోయ మీద కనిపించింది. ఎంత నిశ్శబ్దంగా ఉందో, అంత భయంగానూ ఉంది.

వరండాలో కన్సల్టెంట్ ఎదురైంది. బూడిదరంగు సిల్కు చొక్కా, ముత్యాల దుద్దులు, ఒక్క వెంట్రుకా చెదరని జుట్టు. పక్కనుంచి పోతూ ఆగి, వాచీ సరిచేసుకుంటున్నట్టు తల దించింది.

"పాపం, కష్టమైన పని అప్పగించారు మీకు," అంది మెల్లగా. "సొంత మనిషి కదా. త్వరగా కానివ్వండి."

ఆ జాలి అతనికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం వెంటనే తోచలేదు.

లేజర్ గదిలో చెల్లెలు స్క్రీన్ ముందు ఒంటరిగా కూర్చుని ఉంది. కళ్ల కింద నలుపు. ఇంజినీరు పోయినప్పటి నుంచి నిద్రపోయినట్టు లేదు. తూనీగ దగ్గుతూ లెన్సు వైపు నడిచాడు.

"మీసం ఎడమవైపు ఊడింది అన్నయ్యా," అంది తల తిప్పకుండానే. "పంపుసెట్ల సామాన్ల వ్యాపారం అంత దెబ్బ తిందా?" ఇంట్లోవాళ్లకు అతను చెప్పుకున్న పని అది.

విదేశాల్లో ఎవరూ పట్టుకోలేని వేషం చెల్లెలి ముందు మూడు నిమిషాలు నిలబడలేదు. తూనీగ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అడగాల్సింది ఒక్కటే.

"బుజ్జీ, స్క్రీన్‌లో ఫిల్టర్ ఎవరు పెట్టారు?"

"నేనే. ఎందుకు?"

అతను పనిముట్ల పెట్టె పిడిని గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మాత్రం తడుముకోకుండా చెప్పుకుపోయింది. లేజర్‌ను చల్లబరిచే ఫ్యాన్ మోత కొంత సిగ్నల్‌లో కలిసిపోతుందట. స్క్రీన్ మీద కదలకుండా ఒక గీతలా పడుతుందట. ఈ పని చేసేవాళ్లెవరైనా ముందు ఆ ఫ్యాన్ గీతను తుడిచేసి, తర్వాతే పురుగుల్ని చూస్తారట. ఈ మధ్య గీత బాగా లావెక్కితే, ఇదీ ఫ్యానుదే, ఫిల్టర్ వెడల్పు చేయమని కన్సల్టెంట్ చెప్పింది. చేసేసింది.

"పాపం ఆయన ఫ్యాన్ కూడా మార్చాడు," అంది చెల్లెలు, ఇంజినీరును తలచుకుని. "కొత్తది నెమ్మదిగా తిరుగుతుంది, గీత కిందకు దిగాలి కదా, దిగలేదేంటని టీ తాగుతూ సణుక్కున్నాడు. నల్లబోర్డు దగ్గర ఏమైనా తేడా ఉందేమో చూసొస్తానని వెళ్లాడు."

"ఆ మాట అన్నప్పుడు ఇక్కడెవరున్నారు?"

"నేనూ, ఆవిడా."

తూనీగ ఫిల్టర్ తీసేసి ఫ్యాన్ ఆపమన్నాడు. ఆపితే లేజర్ వేడెక్కిపోతుందనీ, కాసేపటికి సైరన్ మోగి తలుపుకు ఇనుప షట్టర్ పడిపోతుందనీ ఆమె వాదించింది. అతని మొహం చూశాక వాదన మాని స్విచ్ నొక్కింది.

ఫ్యాన్ ఆగింది. గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. స్క్రీన్ మీద గీత మాత్రం అలాగే ఉంది.

చెల్లెలు స్క్రీన్‌కు మొహం ఆనించినంత దగ్గరగా వంగింది. ఫ్యాన్ మోతైతే దూరమంతా ఒకేలా పరుచుకోవాలి. ఇది ఒక్కచోటే గుంపు కట్టి ఉంది. ఆడదోమల రెక్కల వేగం. వంతెన పక్కన, కోల్డ్ స్టోరేజీ గోడౌన్ మీద.

"నేను రోజూ చేత్తో తుడిచేసింది వీటినా?" అంది.

"ఫ్యాన్ ఆన్ చేయండి," అంది గుమ్మంలోంచి ఇంకో గొంతు.

కన్సల్టెంట్ చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. మొహంలో ఇందాకటి జాలి అలాగే ఉంది. అప్పుడర్థమైంది తూనీగకు, అది ఎందుకు నచ్చలేదో. శవం ముందు నిలబడి పరామర్శించేవాళ్ల జాలి అది.

రెండు వైపులా జీతం తీసుకుంటున్నారన్నమాట, అన్నాడు. ఆవిడ కాదనలేదు. మీరొచ్చిన పని తెలిసి చెల్లెలు మిమ్మల్ని కాల్చిందనీ, మీరు ఆమెను కాల్చారనీ రిపోర్టు రాస్తే పెద్దాయన నమ్ముతాడని మాత్రం అంది. నమ్ముతాడనే తూనీగకూ అనిపించింది. మాటలతో కాలం గడపాలి. ఇంజినీరు నొప్పి పడ్డాడా అని అడిగాడు.

"లేదు. నేను అలాంటి మనిషిని కాను."

సైరన్ గదిని దద్దరిల్లజేసింది. ఆవిడ వీపు వెనకే ఇనుప షట్టర్ ధనామని దిగింది. ఆ కేంద్రంలో ఎవరూ ఎన్నడూ ఫ్యాన్ ఆపి ఎరగరు, ఆవిడకీ సంగతి తెలియదు. ఉలిక్కిపడి వెనక్కి చూసిన ఆ క్షణం చాలింది. పనిముట్ల పెట్టె ఆవిడ మణికట్టుకు తగిలింది, గుండు పైకప్పులో దిగింది, పిస్టల్ నేల మీద జారింది. చెల్లెలు దాని మీద కాలు పెట్టి నిలబడింది.

తూనీగ కేబుల్‌తో ఆవిడ చేతులు కడుతుంటే నవ్వింది.

"ఆలస్యమైందండీ. కిటికీలోంచి చూడండి."

బయట ఆకు కదలడం లేదు. పొద్దు కొండ అంచును తాకింది.

తూనీగ గుండీ నొక్కి పెద్దాయనకు నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"చెల్లెలు కాబట్టి అంటున్నావు," అన్నాడు పెద్దాయన.

"ఫ్యాన్ ఆపి చూశాం. గీత ఆగలేదు. గోడౌన్ మీ మనుషుల పక్కనే ఉంది. తప్పైతే ఆ గదికి ఇద్దరం వస్తాం."

రేడియో కట్టయింది.

సైరన్‌తో పాటే లేజర్ కూడా ఆగిపోవడంతో స్క్రీన్ నల్లగా ఉంది. చెల్లెలు ఫ్యాన్ వేసి, యంత్రం చల్లబడేదాకా స్విచ్ మీద వేలు తీయకుండా నిలబడింది. షట్టర్ లేవలేదు. కింద ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. పిల్లలు ఇంకా వీధుల్లో ఆడుకుంటూ ఉంటారు. తూనీగకు చేయడానికి ఏమీ మిగల్లేదు. జీవితంలో మొదటిసారి కుదురుగా నిలబడ్డాడు.

స్క్రీన్ వెలిగింది. గోడౌన్ దగ్గర గీత ఉంది. లావెక్కితే ఊరు పోయినట్టే. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. గీత కొంచెం వెడల్పయింది. చెల్లెలు అన్న చెయ్యి పట్టుకుంది. వెడల్పు ఆగింది. పలచబడింది. మెల్లగా చుక్కలు చుక్కలై, చిమ్మటల మధ్య, తేనెటీగల మధ్య ఎక్కడో కలిసిపోయింది.

రేడియోలో పెద్దాయన గొంతు వినబడింది. గోడౌన్ తలుపు తెరుచుకుంటుండగా మనవాళ్లు వెనక్కి తోసి, మిషన్‌లో చలి పెంచేశారు. ఒక పెట్టె మూత సగం లేచి ఉందట. జబ్బు దోమలన్నీ చలికి బిగుసుకుపోయి పెట్టెల్లోనే పడి ఉన్నాయట; బయట ఎగిరినవి పాతవేనట, జబ్బు లేనివి. శభాష్ అనలేదు. ఆయనకు ఆ అలవాటు లేదు.

చెల్లెలు కుర్చీలో కూలబడింది. గ్లాసుడు నీళ్లు తాగింది. తర్వాత తలెత్తి చూసింది.

"నిజం చెప్పు. మెట్లెక్కి వచ్చేటప్పుడు నేనే చేశాననుకున్నావా?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఎన్నో దేశాల అధికారుల కళ్లలోకి చూస్తూ చెప్పాడు. ఇప్పుడు మాత్రం నోరు రాలేదు.

"సగం," అన్నాడు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, తిట్టలేదు. ఫోన్ తీసింది.

"నన్ను అనుమానించావని అమ్మకు నేను చెప్పనా, నువ్వే చెప్తావా?"

ఏజెంట్ తూనీగ చొక్కా గుండీ తడుముకుని, బలగం పంపించమని పెద్దాయన్ని అడిగాడు.