పున్నమ్మ అడిగిన ప్రశ్న

ఎనభై మూడులో మేం జగ్గయ్యపేటలో ఉండేవాళ్లం. మా ఆయన వెంకటకృష్ణారావుకి బజార్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. కాపురానికొచ్చిన కొత్తలో ఆ మందుల వాసనకి నాకు అన్నం సయించేది కాదు. ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది. పుట్టింటికి వెళ్తే ఆ వాసన లేక నిద్ర పట్టేది కాదంటే నమ్ముతారా!

పిల్లల్లేరు మాకు. సాయంత్రాలు నాకు తోడు రేడియోనే. అందులోనూ బుధవారం అంటే మా వీధిలో ఆడవాళ్లకి పండగ. దీపాలు పెట్టే వేళకి 'శ్రోతల ప్రశ్నలు' వచ్చేది. జనం ఉత్తరాలు రాస్తే డాక్టరు గారు, వ్యవసాయాధికారి, ప్లీడరు గారు కూర్చుని జవాబులు చెప్పేవాళ్లు. బర్రె చూడి నిలవకపోతే ఏం పెట్టాలి, రేషన్ కార్డులో పేరు తప్పు పడితే ఎవరికి అర్జీ ఇవ్వాలి, పేపర్లో రాసిన ఆ కొత్త జ్వరం మన జిల్లాకి వస్తుందా, ఇలాంటివన్నీ. రేడియో తెచ్చి అరుగు మీద పెట్టేదాన్ని. నలుగురూ చేరేవాళ్లు.

అందరికంటే ముందు వచ్చేది పున్నమ్మ. మొగుడు పోయి నాలుగేళ్లు. చిల్లకల్లు రోడ్డులో రెండెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేసింది. వీపుకి పంపు తగిలించుకుని మందు తనే కొట్టుకునేది.

"మొగాళ్లని పిలిస్తే రేపూ మాపూ అంటారక్కయ్యా. అందాకా తెల్లదోమ ఆగుద్దా?" అనేది.

పున్నమ్మకి చదువు రాదు. రేడియో అంటే మాత్రం గురి. ఆ వ్యవసాయం ఆయన జవాబు చెప్పడం అయిపోగానే, ఎదురుగా మనిషి ఉన్నట్టు "అట్టాగేనండీ" అని తలూపేది. మేమంతా నవ్వితే తనూ నవ్వేది.

ఆశ్వయుజంలో ఒక రోజు మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయింది. చేతులు వణికి మజ్జిగంతా చీర మీద ఒలికింది. కళ్లలోంచి ధారగా నీళ్లు.

"ఏమైందే?"

"మందు కొట్టినప్పుడల్లా ఇంతే అక్కయ్యా. చూపు మసక. నోట్లోంచి చొంగ కారుతోంది. డాక్టరు వేడి చేసిందన్నాడు." గొంతు తగ్గించింది. "ఆ డబ్బాకి కాయితం లేదు. గోకేసినట్టుంది. ఏం మందో, ఎంత కలపాలో... రేడియోలో ఆయన్ని అడుగు. ఆయన అబద్ధం చెప్పడు. నీకు పుణ్యముంటది, రాసిపెట్టవా?"

ఆ డబ్బా మా కొట్టులో కొన్నదే. నాకు తెలుసు. అయినా కంపెనీ వాళ్ల తప్పేమో అనుకున్నా. పున్నమ్మ చెబుతుంటే ఇన్‌లాండ్ కాయితం మీద అన్నీ వివరంగా రాశా. చివర్లో 'నాకు భయంగా ఉంది' అని రాసి, చదువుకున్న పెద్దలకి పంపే ఉత్తరంలో అదెందుకులే అని కొట్టేశా.

రాత్రి భోజనాల దగ్గర ఆయనకి చెప్పా.

"ఏదీ, చదువు."

చదివా. ఆయన పులుసు ఇంకాస్త వడ్డించుకున్నారు. "మంచి పని చేశావు సీతా. లేబుళ్లు సరిగా అంటించి చావరు కంపెనీ వాళ్లు. రేడియోలో చెబితే బుద్ధొస్తుంది. ఇటివ్వు, పొద్దున నేనే పోస్టులో వేస్తా."

ఆ రాత్రి నేనెంత హాయిగా పడుకున్నానో! నా మొగుడు ఎంత మంచివాడు అనుకున్నా.

"జవాబొచ్చేదాకా మందు ముట్టుకోకే" అని పున్నమ్మకి మరీ మరీ చెప్పా. మూడు వారాలు ఆగింది పాపం. చేలో తెల్లదోమ కమ్మేస్తున్నా ఆగింది. మూడో బుధవారం రేడియోలో పేరు వినపడింది.

"జగ్గయ్యపేట నుంచి శ్రీమతి పున్నమ్మ గారు అడుగుతున్నారు. పత్తిలో తెల్లదోమ ఎక్కువగా ఉంది. మందు ఎన్ని రోజులకొకసారి కొట్టాలి?"

వ్యవసాయం ఆయన తాపీగా చెప్పారు. వారం పది రోజులకొకసారి తప్పకుండా కొట్టాలట. ఆలస్యం చేస్తే పంట దక్కదట. తర్వాత నందిగామ నుంచి ఎవరిదో ఇంకో ప్రశ్న.

ఆ రోజు పున్నమ్మ "అట్టాగేనండీ" అనలేదు.

"నా చేతుల సంగతి అడగలేదేందక్కయ్యా?"

"మర్చిపోయారేమోనే..."

"నువ్వు రాశావా?"

"రాశానే. నీ ఎదురుగానే రాశాగా!"

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "రాశావు. ఏం రాశావో నాకేం తెలుసు? నాకు చదువు రాదుగా" అని లేచి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం చేలో పడిపోయింది. పంపు వీపుకి ఉండగానే బోర్లా పడిందట. సిమెంటు లారీ ఆపి, ఎక్కించి, నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. లారీలో కూడా వెళ్లిన రత్తయ్య తర్వాత నాతో చెప్పాడు. "ఒకటే మాటండి ఆఖరికి. చదువొచ్చిన మనిషి నన్ను ముంచింది అంది."

ఆ మాట నా గుండెల్లో ముల్లులా దిగింది. మా ఆయన్ని అడిగా, ఎందుకిలా జరిగిందని. "వందల ఉత్తరాలొస్తాయి వాళ్లకి. తలా తోకా కత్తిరించి చదువుతారు. మనమేం చేస్తాం?" అన్నారు. నమ్మా. ఏడాదంతా ఆ రేడియో వాళ్లని తిట్టుకుంటూ గడిపా. బుధవారం వస్తే రేడియో జోలికి పోయేదాన్ని కాదు. అరుగు మీదికి ఆడవాళ్లూ రావడం మానేశారు.

మళ్లీ ఆశ్వయుజం వచ్చింది. ఒక బుధవారం పొద్దున్నుంచీ ముసురు. కరెంటు లేదు. బేరాల్లేక ఆయన పెందరాళే కొట్టు మూసి లోపలికొచ్చారు. వంటింట్లో లాంతరు పెట్టా. పెంకుల మీంచి చూరునీళ్లు సన్నగా కారుతున్నాయి. తడిసిన మట్టివాసన, లాంతరు కిరసనాయిలు వాసన. వాటి కింద ఎప్పుడూ ఉండే మందుల వాసన. ఆకలేస్తోందంటే అప్పుడే అన్నం పెట్టేశా.

"బొత్తిగా ఏం తోచట్లేదు. పత్తి ధరలేమన్నా చెబుతారేమో" అంటూ గూట్లో రేడియో దించి ఆయనే పెట్టారు. వద్దందామనుకునేలోపే మొదలైపోయింది.

"శ్రోతల ప్రశ్నలకు నిపుణుల సమాధానాలు. మొదటి ఉత్తరం. జగ్గయ్యపేట నుంచి పున్నమ్మ."

ఆ పేరు ఊళ్లో ఇంకెవరికైనా ఉందేమో అనుకున్నా. అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది.

"అయ్యా, మందు కొట్టినప్పుడల్లా నా చేతులు వణుకుతున్నాయి. కళ్లు నీళ్లు కారి చూపు మసకేస్తోంది. డబ్బాకి కాగితం గోకేసి ఉంది..."

నా మాటలు. నేను రాసిన వరసలోనే... ఒక్క అక్షరం పోకుండా. చదివే ఆమె గొంతు మామూలుగానే ఉంది. వార్తలు చదివినట్టు చదువుకుంటూ పోతోంది. చివర కొంచెం ఆగి, అంది.

"నాకు భయంగా ఉంది."

అది నేను కొట్టేసిన ముక్క.

ఆయన వైపు చూశా. మొహంలో నెత్తురు లేదు. పెదాలు కదులుతున్నాయి.

"అది... అది నేను పొయ్యిలో పెట్టానే..."

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది.

"ఏం పొయ్యిలో పెట్టారు?"

"సీతా... రేడియో కట్టెయ్."

"ఏం పొయ్యిలో పెట్టారండీ?"

"ఈ ప్రశ్నకు నిపుణులు సమాధానం చెబుతారు" అంది రేడియోలో ఆమె.

తర్వాత నిశ్శబ్దం. గరగర కూడా లేదు. ఎవరో మైకు దగ్గరికొచ్చి కూర్చున్నట్టు కుర్చీ చప్పుడు. ఊపిరి. చాలా కష్టంగా తీస్తున్న ఊపిరి. దాని వెనక...

కిర్రు... చుస్స్...

కిర్రు... చుస్స్...

పంపు కొడుతున్న చప్పుడు.

వాసన మారింది. కొట్టు వాసన కాదది. పచ్చి ఆకు మీద అప్పుడే చల్లిన మందు వాసన. గొంతులో మండింది. చెయ్యి చాచి రేడియో కట్టేశా. చప్పుడు ఆగలేదు. వెనక మూత లాగి బ్యాటరీలు మూడూ తీసి నేల మీద పెట్టా. ఆగలేదు.

కిర్రు... చుస్స్...

ఇప్పుడది రేడియోలోంచి రావడం లేదు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న తలుపు అవతలి నుంచి వస్తోంది.

"అక్కయ్యా..."

బ్యాటరీలు లేని రేడియో నెమ్మదిగా అంది.

"నువ్వు రాశావుగా... ఇప్పుడు నమ్మాన్లే."

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు. ఏడాదిగా నాకెవరూ చెప్పని మాట అది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా.

"తలుపు తియ్యి... మీ ఆయన్నే అడుగుతా."

ఆయన నా కాళ్ల దగ్గరికి పాకారు. ఎంగిలి చేత్తోనే నా చీర కుచ్చిళ్లు పట్టుకున్నారు. "తియ్యకు... సీతా, నీకు దణ్ణం పెడతా... తియ్యకే..."

పులుసు వడ్డించుకుంటూ 'మంచి పని చేశావు' అన్న ఆ మొహాన్నే చూశా. హాయిగా పడుకున్న ఆ రాత్రి గుర్తొచ్చింది. ఆ రాత్రే నేను పడుకున్నాక ఎప్పుడో లేచి పొయ్యి దగ్గర కూర్చుని ఉంటారు.

ఆ చేతిని విడిపించుకున్నా. వెళ్లి గడియ తీశా.

తలుపు అవతల చీకటి. మనిషెవరూ కనపడలేదు. చల్లటి తడి ఏదో నా భుజాన్ని రాసుకుంటూ లోపలికి వెళ్లింది. నేను వెనక్కి తిరగలేదు. చీకట్లో బస్తాలు తడుముకుంటూ, కొట్టులోంచి వీధిలోకి వచ్చేశా.

వానలో అరుగు మీద నిలబడ్డా. లోపలి నుంచి ఆయన మాటలు వినపడుతున్నాయి. అడిగే గొంతు వినపడలేదు. జవాబులు మాత్రమే...

"పాత సరుకు... గడువు దాటిపోయింది..."

కాసేపు నిశ్శబ్దం.

"లేబుళ్లు నేనే గోకా..."

నిశ్శబ్దం.

"ఏం కలిపానో... నాకే గుర్తు లేదు..."

నిశ్శబ్దం.

"రెండో ఉత్తరం నేనే రాశా. ఏదో ఒకటి రేడియోలో రాకపోతే మళ్లీ రాయిస్తావని... చచ్చిపోతావనుకోలేదు..."

ఆ తర్వాత చిన్నగా, స్పష్టంగా, ఆడగొంతు.

"అట్టాగేనండీ."

నా కేకలకి ఎదురింటి బ్రహ్మయ్య గారు టార్చిలైటు తీసుకుని వచ్చారు. మా ఆయన బతికే ఉన్నారు. గోడకి ఆనుకుని కూర్చున్నారు. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు ధారగా... కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. మందు లోపలికి పోయిందన్నారు బెజవాడ డాక్టర్లు. కొట్టంతా వెతికితే ఒక్క డబ్బా మూత కూడా తీసి లేదు. ఎలా పోయిందో వాళ్లకి అంతు పట్టలేదు. ఇంటికి పంపించేశారు.

ఆరు వారాలు మంచంలో ఉన్నారు. నేనే చూసుకున్నా. కళ్లు మూసుకుని ఎవరికో జవాబులు చెబుతూనే ఉండేవారు. ఒక మధ్యాహ్నం పోయారు. అప్పుడు ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

కొట్టు మూసేసి నందిగామ వచ్చేశా. ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతా. మూడేళ్లవుతోంది. ఇంట్లో రేడియో లేదు. బుధవారం సాయంత్రమైతే తలుపులేసుకుని మిషను గట్టిగా తొక్కుకుంటూ కూర్చుంటా, పక్కిళ్ల రేడియోలు వినపడకుండా.

మొన్న గురువారం పొద్దున పక్కింటి బసవమ్మ గోడ మీంచి పిలిచింది.

"ఏం సీతారావమ్మక్కా, రేడియోలో మాట్లాడొచ్చి ఒక్క ముక్కైనా అన్లేదే?"

"నేనా? నేనెక్కడ మాట్లాడానే?"

"నీ గొంతు నాకు తెలీదా! పేరు కూడా చెప్పారుగా. నందిగామ సీతారావమ్మ గారు సమాధానం చెబుతారు అని."

గోడ పట్టుకున్నా. "ఎవరడిగారు?"

"పేరు చెప్పలేదు. మగాయనే. ఎండిపోయిన గొంతు. మంచానపడ్డ మొగుడు ఆఖరి పూట మంచినీళ్లు అడిగితే పక్కనే ఉండి ఎందుకివ్వలేదని అడిగాడు. అదేం ప్రశ్నక్కా? నీకెందుకొచ్చింది?"

ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఇంతవరకూ రాసిన దాంట్లో మీకూ చెప్పలేదు.

"నేనేం చెప్పానే?" అన్నా.

"వచ్చే బుధవారం చెబుతానన్నావు."

ఇవాళ మంగళవారం. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ నాకు గొంతు రావడం లేదు. బసవమ్మని పిలుద్దామని ఎంత నోరు తెరిచినా గాలే వస్తోంది. అందుకే ఇదంతా కాగితం మీద పెడుతున్నా.