ఎల్స్‌పెత్ దండెం మీద చొక్కా

"ఆ దుప్పట్లు కాస్త తీసేస్తారా?" అన్నాడు కెమెరా అబ్బాయి.

ఎల్స్‌పెత్ నోట్లో బట్టల క్లిప్పు ఉంది కాబట్టి ఆ క్షణానికి బతికిపోయాడు. ఆమె క్లిప్పు తీసింది.

"ఏమన్నారు బాబూ? మళ్ళీ అనండి."

జనపనార మిల్లులో మగ్గాల హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు అది. సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

"మన డండీ ఊరి పాత దృశ్యాలు ఫొటోలు తీస్తున్నానండీ. నా పేరు ఫెర్గస్. ఈ సందు వచ్చే నెల కూల్చేస్తారు కదా, నగరసభ వాళ్ళు ప్రదర్శన పెడుతున్నారు. వెనకాల ఆ రాతి మెట్ల గోపురం ఉంది చూశారా, అది చరిత్ర. దానికి ఈ దుప్పట్లు అడ్డం."

"చరిత్రకి మా దుప్పట్లు అడ్డమా! ఇన్నాళ్ళూ ఆ మెట్లు ఎక్కిందెవరు, దయ్యాలా? ఈ పెరట్లో శనివారం వంతు మాది. తీయను. కావాలంటే రేపు రండి."

"రేపు నా వంతు. నేనూ తీయను!" పై కిటికీలోంచి మెక్‌కర్డీ అవ్వ అరిచింది.

ఫెర్గస్ నవ్వి, తానే ఒక దుప్పటి అంచు పక్కకి జరపబోయాడు. సరిగ్గా అప్పుడే టే నది మీంచి గాలి లేచింది. తడి దుప్పటి అతన్ని పసిపిల్లాణ్ణి చుట్టినట్టు చుట్టేసింది. అతను తడబడి వెనక్కి వెళ్ళి, నీలిమందు కలిపిన తొట్టిలో కూలబడ్డాడు.

సందంతా నవ్వింది. ఎల్స్‌పెత్ కూడా నవ్వింది. కానీ అతని పళ్ళు చలికి టకటకలాడుతుంటే చూడలేకపోయింది. చనిపోయిన తన తండ్రి ఉన్ని కోటు తెచ్చి కప్పి, చేతికి టీ ఇచ్చి, అతని తడిసిన చొక్కా పిండి తన దండెం మీదే ఆరేసింది.

ఆరేశాక గాని తను చేసిన పని తెలియలేదు. ఆ సందులో ఎవరి దండెం మీద వాళ్ళ ఇంటి బట్టలే ఆరాలి. ఎల్స్‌పెత్ ఇంట్లో ఉన్నది తల్లీ కూతురే.

"పిల్లా! పెళ్ళి భోజనం ఎప్పుడే?" అంది అవ్వ.

ఎల్స్‌పెత్ చెవులు కాలిపోయాయి. తీసేద్దామని చెయ్యి చాపింది. అందరూ చూస్తున్నారు. చాపిన చెయ్యి దించేసింది.

"మా దండెం, మా ఇష్టం! బాబూ, ఫొటో తీస్తావా? ఇలాగే తియ్యి. లేదంటే వెళ్ళు."

అతను తీశాడు. ఎందుకో కెమెరా వెనక చాలాసేపు ఉండిపోయాడు.

ప్రదర్శన రోజున సందులోని ఆడవాళ్ళంతా మంచి టోపీలు పెట్టుకుని వెళ్ళారు. గోడల నిండా పాత వీధులు, ఒక్క మనిషైనా లేని వీధులు. వాళ్ళ సందు మాత్రం కనిపించలేదు. ఒక పటం మూలన, నేల మీద, గోడవైపు తిప్పి ఉంది. దాని పక్కనే ఫెర్గస్ నగరసభ అధికారితో గొడవపడుతున్నాడు.

"ఇది వద్దంటే మిగతావీ దించేయండి. అన్నీ నేను తీసినవే."

"ఊరి పరువేం కావాలయ్యా? ఎవరైనా బట్టలు చూడ్డానికి వస్తారా?"

ఎల్స్‌పెత్ ముందుకొచ్చింది. పటం ఎత్తి, తలుపుకి ఎదురుగా ఉన్న నగరసభ పెద్దల పటం దించి, ఆ మేకుకి దీన్ని తగిలించింది. గోపురం, దుప్పట్లు, మధ్యలో చేతులు చాపిన చొక్కా.

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. "తెలియకడుగుతాను, కూల్చే ఇళ్ళ లెక్కలో మీ ఇంట్లో మగదిక్కు లేదని ఉంది కదా. ఆ చొక్కా ఎవరిది?"

సందు ఆడవాళ్ళ టోపీలన్నీ ఎల్స్‌పెత్ వైపు తిరిగాయి. 

ఫెర్గస్ కోటు బొత్తాలు విప్పాడు. లోపల ఆ చొక్కాయే. నీలిమందు మరకలు ఇంకా పోలేదు.

"నాది. ఆమె ఒప్పుకుంటే ప్రతి శనివారం అక్కడే ఆరుతుంది."

అవ్వ ముక్కు చీదింది. ఎల్స్‌పెత్ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎక్కడ ఆరుతుంది? సందు కూల్చేస్తున్నారు. కొత్త మేడల్లో దండెం కట్టకూడదట."

"మరి ఎలా?"

"కూడదంటే మానేస్తామా? మనమే కడదాం." ఆమె అధికారి వైపు ఓరగా చూసి గొంతు పెంచింది. "ఒక్క మాట, చొక్కా మాత్రం నువ్వే ఉతుక్కోవాలి. నీకు మరకలు పోగొట్టడం రాదని తెలిసిపోయింది, నేర్చుకో. నా దండెం మీద చోటు మాత్రం ఇస్తాను."